ఆమోసు ముట్టని గిన్నె

గుళ్ళో ప్రభువు బల్ల ఆరాధనలో మా ఆయన ఆమోసు ద్రాక్షరసం గిన్నె నోటికి ఆనించకుండా పక్కవాడికి అందించేసరికి నా గుండె ఆగినంత పనైంది. మా ఊళ్ళో గిన్నె వద్దన్నాడంటే ఒకటే అర్థం. వాడు ఏదో ఘోరమైన పాపంలో ఉన్నాడు, ఒప్పుకోవడానికి నోరు రావడం లేదు.

"ప్రతి శనివారం బెజవాడ పోతన్నాడంటగా?" అంది నా వెనక ఒకామె.

"మగాడు వారం వారం ఊరికే పోతాడా ఏంటి?" అంది ఇంకొకామె.

కుండకు మూకుడుంది గానీ లోకం నోటికి మూకుడు లేదు. ఒళ్ళు మండిపోయినా తల దించుకుని కూర్చున్నాను.

బెజవాడ పోతున్న మాట నిజమే. తీసుకుపోతున్నది నేనే. ఆమోసు హనుమాన్ జంక్షన్‌లో లారీ మెకానిక్కు. డ్రైవర్లతో సారా తాగి షెడ్డులోనే పడిపోయేవాడు. ఊళ్ళో అడిగినవాళ్ళకు పని ఎక్కువని చెప్పి నెట్టుకొచ్చాను. మా నాన్న ఇశ్రాయేలు సంఘ పెద్ద. అల్లుడు తాగుబోతని తెలిస్తే వెలి వేయడానికి వెనకాడే మనిషి కాదు. ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది ఆమోసు కామెర్లు ముదిరి బెజవాడ ఆసుపత్రిలో పడ్డాడు.

"ఇంకోసారి తాగాడా, మా దగ్గరకి తేనక్కర్లేదమ్మా, సమాధుల దొడ్డికే తీసకపో," అంది నర్సు తెరేసమ్మ. మొహం మీదే అనేసింది మహాతల్లి! తాగుడు మానుకునేవాళ్ళు శనివారాలు ఒకచోట కూడతారని, స్టేషను వెనక బడి గది ఆనవాలు చెప్పింది కూడా ఆవిడే.

అక్కడ మందేదో పోస్తారనుకున్నాను. లేకపోతే చేతులుంచి ప్రార్థన చేస్తారనుకున్నాను. రెండూ కాదు. ఇస్త్రీ పంచె కట్టిన పెద్దమనిషి లేచి, "నా పేరు రామకోటేశ్వరరావండీ. నేను తాగుబోతునండీ," అన్నాడు, పెళ్ళికి పిలిచినంత తేలిగ్గా. ఓరి దేవుడో! చూస్తే మోతుబరిలా ఉన్నాడు, ఈయనకు సిగ్గూ శరమూ లేవా అనుకున్నాను. మిగతావాళ్ళు నవ్వలేదు సరిగదా, శ్రద్ధగా విన్నారు. మా ఆయన ఏ వారమూ నోరు విప్పలేదు. తాగుడు మాత్రం ఆగింది.

ఆ ఆదివారం గుడి నుంచి ఇంటికి రాగానే విరుచుకుపడ్డాను.

"నలుగుర్లో పరువు తీశారు గదండీ! అది ప్రభువు రక్తం, సారా కాదు!"

"నీకు ప్రభువు రక్తమే, హన్నా. నాకు వాసనొచ్చింది," అన్నాడాయన. "ఆ గుక్క మింగితే అట్నుంచటే జంక్షన్‌కి పోయేవాణ్ణి."

బల్ల మీది గిన్నె నా మొగుణ్ణి చంపగలదని కలలోనైనా అనుకోలేదు.

సాయంత్రం సంఘాన్ని గుడికి పిలిచారు. మా పాస్టరు కృపానందం అయ్యగారు మధ్యలో కూర్చున్నారు. మా నాన్న మాత్రం నిలబడే అడిగాడు.

"ఏవయ్యా ఆమోసూ, బెజవాడలో ఎవరావిడ?"

నేను లేవబోయాను. అంతలో ఆయనే లేచి చేతులు కట్టుకున్నాడు.

"నా పేరు ఆమోసండీ. నేను తాగుబోతునండీ. మానుకోడానికి పోతన్నాను. గిన్నె ముట్టుకుంటే మళ్ళీ మొదలవుద్దని భయపడ్డాను."

వారాల తరబడి బెజవాడ గదిలో రాని మాట ఇక్కడ, మా నాన్న ఎదుట వచ్చింది.

"అయితే వెలి వెయ్యాల్సిందే," అన్నాడు మా నాన్న. "అల్లుడని చూడను."

ఊరు వెలి వేస్తే ఈయన షెడ్డుకే పోతాడు. పోతే చస్తాడు. వద్దు నాన్నా అనబోతుంటే మా అమ్మ మార్త లేచింది. పాటకు తప్ప గుళ్ళో గొంతెత్తి ఎరగని మనిషి.

"బాబూ ఆమోసూ, ఆ గదికి ఆడాళ్ళని రానిస్తారా?"

"హన్నా వత్తానే ఉంది గదా, అత్తయ్యగారూ."

"తోడొచ్చేవాళ్ళ మాట కాదయ్యా. తాగేవాళ్ళ మాట."

ఎవరికీ అర్థం కాలేదు. అమ్మ పైట చెంగు బిగించి పట్టుకుంది.

"బల్లకి ద్రాక్షరసం పులియబెట్టేది నేనే గదా. పులిసిందో లేదో చూద్దామని మొదలెట్టాను. ఇప్పుడది గొంతులో పడందే నాకు తెల్లారదు. నేనూ వత్తాను బాబూ."

మా అమ్మ! నాకు మాటలకన్నా ముందు ప్రార్థన నేర్పిన మా అమ్మ! ఏడుపొచ్చింది, అంతకు మించి కోపమొచ్చింది. ఆమోసు మాత్రం గబగబా వెళ్ళి ఆవిడకు కుర్చీ జరిపాడు.

"రావచ్చు అత్తయ్యగారూ. కూర్చోండి ముందు."

కృపానందం అయ్యగారు మా నాన్న వైపు తిరిగారు. "ఇప్పుడెవర్ని వెలి వేద్దామంటారు, ఇశ్రాయేలు గారూ?"

పాపం, నాన్నకూ మతి పోయి ఉంటుందని అటు చూశాను. తల దించుకున్నాడు. సిగ్గుంది ఆ ముఖంలో, భయముంది. ఆశ్చర్యం లేదు.

"నాన్నా! నీకు ముందే తెలుసా?" గుడి అని కూడా చూడకుండా అరిచాను.

"తెలిస్తే ఎవరికి చెప్పుకోనే?" అన్నాడు మా నాన్న. "నువ్వు మాత్రం ఎవరికి చెప్పావు?"