నాలుగో లెక్కలో ‘ఘ’

పొద్దున్నే, మూత ఊడి రాక ధాత్రి స్టీలు డబ్బాను సింకు అంచుకేసి రెండుసార్లు కొట్టింది. మూడు రోజులుగా బావ లలిత్ సంచిలోనే పడి ఉన్న డబ్బా. మూత రాగానే పులిసిన పప్పు వాసన గుప్పుమంది. బూజు పట్టిన అన్నం ముద్దను చెంచాతో గీకి చెత్తబుట్టలో పడేసి, ముక్కును మోచేతికి ఆనించుకుని, నీళ్లు పట్టి పీచు అందుకుంది.  ఈ రోత మాత్రం డబ్బాతో మొదలైంది కాదు, నిన్న క్లాసులో మొదలైంది.

ధాత్రి శ్రీకాకుళం పక్క పల్లెలో, తెలుగు బడిలో చదువుకుంది. ఫిజిక్స్ ఆనర్స్‌లో సీటొచ్చి, కలకత్తా న్యూ టౌన్‌లో ఉన్న మేనమామ మృత్యుంజయ ఇంటికి చేరింది. ఆయన బ్యాంకు ఆఫీసరు. ఆయన కొడుకు లలిత్ కలకత్తాలోనే పుట్టి పెరిగాడు. అతనిదీ అదే కాలేజీ, అదే క్లాసు. శనివారం ఆమె హోంవర్కు లెక్కలు చేస్తుంది. ఆదివారం అతను ఎగ్ రోల్ తింటూ వాటిని ఎత్తి రాసుకుంటాడు. వేలు నాలిక మీద తడి చేసుకుని ఆమె పేజీలు తిప్పుతాడు. సోమవారానికి ఆ పేజీల మూలలు నూనె పీల్చి, వెనక పక్క అక్షరాలు కనిపిస్తుంటాయి. దిమ్మె వాలుతలం మీద ఎందుకు జారుతుందో ఒకసారి చెప్పబోయింది.

“ధుర్ బాబా, కథలొద్దు. ఆన్సరెంతో చెప్పు,” అని విసుక్కున్నాడు నములుతూనే.

నిన్న సాన్యాల్ సార్ ఇద్దరి నోట్‌బుక్కులూ పక్కపక్కన పెట్టుకుని చూశాడు. నాలుగో లెక్కలో ఇద్దరూ ఒకే చోట తప్పు రాసి, ఒకే చోట కొట్టేసి, ఒకేలా దిద్దారు. ఎవరు చూసి రాశారని అడిగాడు. ధాత్రికి నోరు పెగిలేలోపే లలిత్ బెంగాలీలో గడగడా చెప్పేశాడు. పల్లెటూరి పిల్ల, మా ఇంట్లోనే ఉంటుంది, నేనే సాయం చేస్తుంటాను అని. సార్ ఇద్దరి వంకా చూసి, కాపీ కొట్టినవాళ్లు రేపు ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టి తేవాలన్నాడు. వాళ్లకి హోంవర్కు మార్కులన్నీ సున్నా. ఆనర్స్ వదిలి, మామూలు డిగ్రీ అయిన పాస్ కోర్సుకి మారాల్సిందే. రెండు నోట్‌బుక్కులూ మళ్లీ తెమ్మని తిరిగిచ్చేశాడు.

“ధాత్రీ, ఓసారి ఇలా రామ్మా,” అని మామయ్య పిలిచాడు.

డబ్బా చేత్తో పట్టుకునే హాల్లోకి వెళ్లింది. బల్ల మీద ఆ ఒప్పుకోలు కాగితం ఉంది. అప్పటికే టైపు చేయించారు. కింద ఆమె పేరు, దాని పైన ఖాళీ జాగా. మామయ్య పెన్ను మూతతో చెవిలో తిప్పుకుంటున్నాడు.

“సంతకమెట్టెయ్యమ్మా,” అంది అత్త లలితాంబ. “నీకేటి పోద్ది? ఏ కోర్సయినా డిగ్రీ డిగ్రీయే కదా.”

“ఆ లెక్కలు నానే చేసానత్తా.”

“ఎవులు కాదన్నారే? ఇంట్లో మాట ఇంట్లోనే ఉంటాది. ఇలిశ చేప పులుసులో పెద్ద ముక్క ఎవులికి ఏస్తన్నానో నువ్వెరగవా?”

“అరే, ఒక్క సైనే కదా,” అన్నాడు లలిత్ ఫోన్లోంచి తల ఎత్తకుండా.

అతని నోట్‌బుక్కు బల్ల మీదే ఉంది. ధాత్రి ఇంతవరకూ దాన్ని తెరిచి చూడలేదు. ఇప్పుడు తెరిచింది. నాలుగో లెక్క. వాలుతలం, దాని మీద దిమ్మె, బాణాలు. వాలు వెంట పైకి పోయే బాణం పక్కన వంకరటింకరగా, బొమ్మ గీసినట్టు, ఒక ‘ఘ’.

వాళ్ల ఊరి బడిలో కోటయ్య మాస్టారి అలవాటది. అన్ని బలాలకీ ఇంగ్లీషు ఎఫ్ రాస్తే కలిసిపోతాయని ఘర్షణకి ‘ఘ’ రాయించేవాడు. ధాత్రి చెయ్యి ఇప్పటికీ అలాగే రాసేస్తుంది.

“ఇదేటి బావా?”

లలిత్ తొంగి చూశాడు. “గ్రీక్ లెటర్. థీటా టైపు.”

“పేరేటి?”

“పేరంటే... అదే, సార్ చెప్పాడుగా.”

“పరీక్షలెడతన్నావేటే వాడికి?” అంది అత్త.

ధాత్రి నోట్‌బుక్కును మామయ్య వైపు తిప్పి, ఆ అక్షరం కింద తడివేలు పెట్టింది. ఆయన రోజూ పొద్దున్నే తెలుగు పేపరు చదువుతాడు. కళ్లజోడు పెట్టుకుని వంగి చూశాడు. ముఖం నల్లబడింది. కొడుకు వంక చూశాడు, మేనకోడలి వంక చూశాడు. ఇక కాగితం చింపేస్తాడనే ధాత్రి అనుకుంది. 

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“సాన్యాల్‌కి తెలుగు రాదు కదమ్మా,” అన్నాడు మెల్లగా.

తర్వాత పెన్ను ఆమె వైపు జరిపాడు. మూత చివర పసుపుపచ్చగా గులిమి అంటుకుని ఉంది. ధాత్రి దాన్నే చూసింది. ఈ మనిషి అమ్మకి అన్న. రాఖీ నాడు అమ్మ కొరియర్లో పంపిన దారం ఇంకా ఆ చేతికే ఉంది. 

పెన్ను ముట్టుకోలేదు. చేతిలోని డబ్బాను, లోపలి మురికినీళ్లతో సహా, కాగితం మీద పెట్టింది. అడుగునున్న తడి అక్షరాల్లోకి పాకింది. తన నోట్‌బుక్కు సంచిలో ఉంది. లలిత్‌ది కూడా తీసి అందులో పెట్టుకుంది.

“అదెక్కడికే పట్టుకుపోతన్నావు? లలితూ, చూడరా!” అత్త లేచింది. లలిత్ మొదటిసారి ఫోను పక్కన పెట్టాడు. మామయ్య మాత్రం కళ్లజోడు ఇంకా తుడుస్తూనే ఉన్నాడు.

ధాత్రి చెప్పులేసుకుని, తలుపు తీసి, ఆ ‘ఘ’ ఏమిటో సాన్యాల్ సార్‌కి చెప్పడానికి కాలేజీకి బయల్దేరింది.