మైకు ఆగాక

తెల్లవారుతుండగానే కొబ్బరిచెట్టు ఎక్కేశాడు రాజారత్నం. నోట్లో తాడు కొస, భుజాన వైరు చుట్ట, మొలలో స్క్రూడ్రైవరు. యాభై దాటిన ఒళ్లు. బెరడుకు ఒరుసుకుని ఒరుసుకుని మోకాళ్ల మీద చర్మం నల్లగా మొద్దుబారిపోయింది. ఎడమచేతి వేళ్లు కొంచెం వంకర, ఎప్పుడో కరెంటు లాగినప్పటి గుర్తు. హారనును మట్టల మొదట్లో ఆనించి తాడు చుట్టి బిగించాడు.

కింద నిలబడ్డ మధుసూదనరావుకి ఆ వాలు నచ్చలేదు. అమ్మవారి జాతర కమిటీకి ఆయనే పెద్ద. హారను మూతి ఇంకా అటు తిప్పమని చెయ్యి ఊపుతున్నాడు. అటు అంటే క్రైస్తవుల పేట. అమ్మవారి పాటలు భక్తులకు వినబడితే సరిపోదట, వద్దనుకునేవాళ్ల చెవుల్లో కూడా పడాలట. మధ్యాహ్నం అదే చెట్టు మీద అదే హారను చర్చి పాస్టరు దైవాధీనం అయ్యగారి ఉపవాస ప్రార్థనకు మోగుతుంది. ఆయన మనుషులూ ఇక్కడే నిలబడి మూతి ఇటు తిప్పమంటారు. ఇటు అంటే గుడి. నాగాయలంక దాటాక సముద్రం వైపున్న ఆ ఊరికి మైకుసెట్టు ఒక్కటే, రాజారత్నానిది. ఒకరంటే ఒకరికి పడని ఈ రెండు పక్షాలకీ ఆ హారను దగ్గర మాత్రం ఏ పట్టింపూ లేదు.

చెట్టు దిగేసరికి కంచె పక్కన శ్రీదుర్గ నిలబడి ఉంది. నిద్ర లేక కళ్లు ఉబ్బిపోయాయి. చెట్టు వాళ్ల దొడ్లోదే. ఇంట్లో ఆమె తల్లి పెద్దింట్లమ్మ చావుకి దగ్గరై మంచాన పడి ఉంది.

"మావయ్యా, ఈ ఒక్కరోజు సౌండు తగ్గించలేవా? అమ్మకి ఎముకల్లోకి దిగిపోతుందంట," అంది.

"చూస్తానమ్మా," అన్నాడు. చూస్తాననడం తప్ప తన చేతిలో ఏముందో అతనికే తెలియదు.

పెద్దింట్లమ్మ మొన్నమొన్నటిదాకా చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగిన మనిషి. వీధి మలుపులో ఆమె కేక వినబడగానే పిల్లులు ముందు లేచేవి, తర్వాత ఆడవాళ్లు. జబ్బు ఎముకల్లోకి పాకిందని పెద్దాసుపత్రివాళ్లు ఇంటికి పంపేశారు. మాత్రలు పనిచేయడం మానేశాయి. హారను మోగితే మంచం కోళ్లు అదురుతాయి, ఆ అదురు ఆమె వెన్నులోకి ఎక్కుతుంది. శ్రీదుర్గ తల్లి చెవుల్లో దూది కుక్కింది. దూది ఏం ఆపుతుంది, పాపం. ఆమెకి మిగిలిన కోరిక ఒక్కటే. ఇంటి వెనక ఉప్పుకాలవలోకి సముద్రపు పోటు నీళ్లు ఎక్కుతాయి, ఈ రోజుల్లో అది సాయంత్రం పూట. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ చప్పుడు వినే, మొగుడి పడవ వచ్చే వేళయిందని పొయ్యి రాజేసేది. మొగుడు సముద్రంలో కలిసిపోయి ఏళ్లు గడిచినా ఆ చెవి పోలేదు. ఆ చప్పుడు ఒక్కసారి వింటే హాయిగా పోతానంటోంది.

ఆ చెట్టుకీ ఓ కథ ఉంది. రాజారత్నం కుర్రతనంలో మైకుసెట్టు తెచ్చినప్పుడు హారను కట్టుకోవడానికి ఊళ్లో ఎవరూ చెట్టివ్వలేదు. చర్చి పాటలు వేస్తాడని గుడివాళ్లు, గుడి పాటలు వేస్తాడని చర్చివాళ్లు. "ఎవరి పాటైతే నాకేంట్రా, కట్టుకో. కాయలు మాత్రం రాల్చకు," అంది పెద్దింట్లమ్మ. ఆ మాట మీదే అతని సంసారం ఇన్నాళ్లూ నడిచింది. ఇప్పుడు ఆ చెట్టే ఆమెని నమిలేస్తోంది. అది తలుచుకుంటే రాజారత్నానికి ముద్ద దిగడం లేదు.

గుడి పందిట్లో ఆంప్లిఫయరు ముందు కూర్చుని సౌండు మీటని సగానికే తిప్పాడు. పాట మొదలైన కాసేపటికే మధుసూదనరావు వచ్చాడు. నుదుట బొటనవేలంత కుంకుమ, భుజాన పసుపు కండువా. రాజారత్నం లేచి నిలబడి సంగతి చెప్పాడు. ఆయన తల పంకిస్తూ విన్నాడు. పెద్దింట్లమ్మ లాంటి మనిషి ఊళ్లోనే లేదన్నాడు. అమ్మవారి పాట చెవిన పడుతుండగా పోతే అంతకంటే పుణ్యం ఏముంటుందన్నాడు. ఇప్పుడు తగ్గిస్తే పేటవాళ్లు మనం జడిశామనుకుంటారని కూడా, ఎవరికీ వినబడకుండా గొంతు తగ్గించి, అన్నాడు. అంటూనే వంగి, స్వయంగా తన వేళ్లతో మీటని చివరికంటా తిప్పేశాడు.

రాజారత్నానికి ఈ వెగటు ఇవాళ కొత్తగా పుట్టింది కాదు. మైకు వెనక కూర్చునేవాడికి ఒక ఖర్మ ఉంది. మీట నొక్కకముందు, నొక్కి ఆపేశాక మనుషులు ఏం మాట్లాడతారో అతనొక్కడికే వినబడుతుంది. అందరిలోనూ ఉన్నది ఒకే ఆత్మ అని పూటంతా పురాణం చెప్పిన పెద్దమనిషి, మైకు ఆగాక, మంచినీళ్లు అందించిన రాజారత్నం ఏ పేటవాడని వాకబు చేసి గ్లాసు పక్కన పెట్టేశాడు. గుడివాడ నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు బైబిల్లోని పేద విధవరాలి కానుక గురించి చెబుతూ జనాన్నంతా ఏడిపించాడు. మైకు ఆగాక, పులుసులో చేపముక్కలు చిన్నవయ్యాయని వండిపెట్టిన విధవరాలిని నోటికొచ్చినట్టు తిట్టాడు. ఛీ, ఎన్నని చెప్పుకోవడం! ఇలాంటివన్నీ వినీ వినీ రాజారత్నం ఒకనాటి ఆదివారం చర్చికి వెళ్లడం మానేశాడు. గుడికీ వెళ్లలేదు. వాదించలేదు, ఎవరినీ మానమని చెప్పలేదు. సభ అయిపోయాక ప్లాస్టిక్ గ్లాసులు గేదెలు నములుతాయని అన్నీ ఏరి గోతంలో పోసేవాడు, అంతే. ఆ పని ఎందుకు చేస్తున్నాడని ఎవరూ అడగలేదు. దేవుడంటే భయం లేదా అని మాత్రం ఊరంతా అడిగింది.

పాటలు ఆగాక సెట్టంతా భుజాన వేసుకుని చర్చి పందిరికి మోశాడు. చెట్టెక్కి హారను మూతి గుడి వైపు తిప్పాడు. సుమలత క్యారేజీ తెచ్చింది. భార్యకి అతని మీద కోపం లేదు, దిగులుంది. చర్చికి రానివాడికి సమాధుల తోటలో జాగా ఇవ్వరని సంఘ పెద్దలు మళ్లీ అన్నారని, తను ఒకచోట, మొగుడు ఒకచోట పడి ఉండాలా అని కళ్లు తుడుచుకుంది.

"పోయాక నాకెందుకే జాగా? బతికున్నన్నాళ్లూ హారను కట్టుకునే జాగా ఉంటే చాలు," అన్నాడతను. ఆమె నవ్వలేదు. అన్నం సగం వదిలేసి లేచాడు.

దైవాధీనం అయ్యగారు మెత్తని మనిషి. తెల్లచొక్కా, తడి కళ్లు. పెద్దింట్లమ్మ సంగతి వినగానే ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు దొంగవి కావు, అదే రాజారత్నానికి మరీ కంపరం. ఇప్పుడే ఆమె పేరున ప్రార్థన పెడదామన్నాడాయన.

"మైకు లేకుండా పెట్టండయ్యగారూ. ఆవిడకి అదే పెద్ద ప్రార్థన."

అయ్యగారు అతని భుజం మీద చెయ్యి వేశారు. "నువ్వు మంచోడివే రత్నం, నేను కాదన్ను. కానీ దేవుడు లేని మంచితనం ఎన్నాళ్లు నిలబడుద్ది చెప్పు? భయం లేనోడు ఏదో ఒకనాడు జారిపోతాడు. నీ కోసం కూడా రోజూ మోకాళ్లూనుతున్నాను."

రాజారత్నం భుజం మీద చేతిని చూస్తూ ఉండిపోయాడు. అయ్యగారు మైకు అందుకున్నారు.

ప్రార్థన మొదలైంది. మొదట మెల్లగా, తర్వాత గట్టిగా, ఆ తర్వాత గొంతు చించుకుని. పెద్దింట్లమ్మను ముట్టమన్నారు. ఆమె ఎముకల్లో నిప్పుని చల్లార్చమన్నారు. ఇంతకాలం రాళ్లకి మొక్కిన ఆ తల్లి మొండి హృదయాన్ని ఈ ఆఖరి గడియలోనైనా మెత్తబరచమన్నారు. పందిరంతా హల్లెలూయ అని లేచింది. అదే గోలలో పెద్దింట్లమ్మ పేరు మళ్లీ మళ్లీ పలికింది. బతుకంతా ఎవరినీ చెయ్యి చాపి ఏమీ అడగని మనిషి రోగం, ఎముకలు, మొండితనం అన్నీ ఆమె చెట్టు మీంచే ఊరంతటికీ చాటింపయ్యాయి. ఛీ ఛీ. బతికున్న మనిషిని ఇలా వీధిలో పెట్టడానికి ఏ దేవుడు ఒప్పుకుంటాడు?

రాజారత్నం అక్కడ ఉండలేకపోయాడు. దొడ్డిదారిన పెద్దింట్లమ్మ ఇంట్లోకి వెళ్లాడు. గదిలో వేపాకు, మందులు, మూత్రం కలిసిన వాసన. మంచం మీద ఆమె చేపముల్లులా మిగిలింది. దుప్పటి అంచు పళ్ల మధ్య బిగబట్టింది. చిగుళ్లు నెత్తురు కారి దుప్పటి తడిసింది. పైన హారను మోగినప్పుడల్లా కాలివేళ్లు ముడుచుకుంటున్నాయి. శ్రీదుర్గ ఆ పాదాలు పట్టుకుని కూర్చుంది. గుమ్మంలో నీడ పడేసరికి పెద్దింట్లమ్మ కళ్లు తెరిచి అతన్ని పోల్చుకుంది. పళ్ల మధ్య నుంచి దుప్పటి వదిలింది.

"నీ హారనేనంట్రా అది?"

"నాదే అక్కా."

ఆమె మళ్లీ దుప్పటి పళ్లతో పట్టుకుంది.

రాజారత్నం పందిరికి తిరిగి వచ్చాడు. ఊరికే ఆపేస్తే ఎవరో ఒకరు వచ్చి మళ్లీ నొక్కుతారు. వైరు తెంపితే అతికిస్తారు. ఈ ఊళ్లో సౌండు పెంచడం రానివాడు లేడు. కూర్చుని ఆంప్లిఫయరు వెనక ఫ్యూజుని తీయకుండానే దాని రెండు కొసలనీ కలుపుతూ లావుపాటి రాగితీగ మెలేశాడు. ఇక ఏం జరిగినా మిషనుని కాపాడేది ఏదీ లేదు. అతని పెళ్లినాటి మిషను అది. పామర్రులో కొన్నది, పిల్లని తెచ్చినట్టు బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. దాని మూత మీద దుమ్ముని చొక్కా అంచుతో తుడిచాడు. తర్వాత హారనుకి వెళ్లే రెండు వైర్లనీ మధ్యలో పళ్లతో ఒలిచాడు. ఆడవాళ్ల వరసలోంచి సుమలత అదంతా చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సౌండు మీటని చివరికంటా తిప్పి, ఒలిచిన రెండు వైర్లనీ ఒకదానికొకటి కలిపి మెలిపెట్టాడు. లోపల టప్పుమంది. లక్క కాలిన వాసన, సన్నటి పొగ. అయ్యగారి గొంతు మాట మధ్యలో తెగిపోయింది.

"ఏమైంది రత్నం?"

"కాలిపోయిందండీ," అన్నాడు.

సాతాను పనేనన్నారు అయ్యగారు. కబురు తెలిసి మధుసూదనరావు పరుగున వచ్చాడు. అమ్మవారి జాతర నాడు పోటీకి దిగితే అంతేనని మీసం చాటున నవ్వుకున్నాడు. సాయంత్రం అమ్మవారి గరగ కుండల ఊరేగింపుకి తనకీ మైకు లేదని గుర్తొచ్చాక నవ్వు పోయింది. ఆపైన జరిగింది చూసి తీరాలి. ఏళ్ల తరబడి ఎదురుపడితే మొహం తిప్పుకునే ఆ ఇద్దరూ ఒకే తాటాకు పందిరి నీడలో నిలబడి ఒకే మాట మీదికి వచ్చారు. దేవుడి భయం లేనివాడి చేతిలో దేవుడి పని పెట్టడమే తప్పట. ఇక మీదట వీడి సెట్టు ఎవరూ పిలవకూడదట. గుడివాడకి ఫోను చేసి డీజే మాట్లాడారు. పొద్దుగూకేసరికి దిగిపోతుందని ఒకరికొకరు ధైర్యం చెప్పుకున్నారు. రాజారత్నం కాలిన మిషనుని అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు.

పెద్దింట్లమ్మ అరుగు మీద కూర్చున్నాడు. పొద్దు వాలుతోంది. ఊళ్లో ఇంత నిశ్శబ్దం ఉందని అతనికే తెలియదు. పెంకు కింద పిచ్చుకలు, ఎక్కడో తోమే గిన్నెలు. కాసేపటికి వెనక కాలవలో పోటు మొదలైంది. బురదలో బుడగలు పగిలినట్టు ముందు సన్నగా, తర్వాత గట్టుని నాకుతూ, కట్టేసిన పడవని గుంజకి మెల్లగా తడుతూ నీళ్లు ఎక్కాయి. లోపల మంచం కిర్రుమనడం ఆగిపోయింది. శ్రీదుర్గ పొయ్యి మీద జావ పెట్టడానికి లేచింది. జావ పట్టుకుని వెళ్లినామె ఎంతకీ బయటికి రాలేదు. తర్వాత గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో గిన్నె అలాగే ఉంది.

"పోయింది మావయ్యా. చప్పుడు కూడా చెయ్యలేదు."

రాజారత్నం లేచి లోపలికి వెళ్లాడు. అంతలో వాళ్లు రానే వచ్చారు. మధుసూదనరావు, చేతిలో అమ్మవారి కుంకుమ. అయ్యగారు, చేతిలో గ్రంథం. ఇంత ప్రశాంతంగా పోయిందంటే అమ్మ దయ అన్నాడు ఒకాయన. సంఘం మోకాళ్లూనింది కదా అన్నాడు రెండో ఆయన. గుమ్మంలో ఒకరికొకరు దారి ఇచ్చుకోలేక ఇరుక్కున్నారు. వంతెన అవతల డీజే బండి వస్తున్న దడదడ అప్పుడే వినబడుతోంది.

పక్కింటి ముసలామె దూది పట్టుకొచ్చింది. శవానికి ముక్కులో, చెవుల్లో పెట్టాలి కదా. దీపం దగ్గరగా పెట్టి వంగి చూసి, చెవుల్లో ముందే పెట్టిన దూది ఏదే అని శ్రీదుర్గని అడిగింది.

"నేను తియ్యలేదు," అంది శ్రీదుర్గ.

కాలవ వైపు కిటికీ కింద, దిండు అంచున, చెవి గుమిలి అంటిన రెండు దూది ఉండలు పక్కపక్కనే పెట్టి ఉన్నాయి.