లకుముకి, ఒకటి

మొగుడు పోయిన ఇరవయ్యో రోజున టైపిస్టమ్మ పిట్టల్ని లెక్కపెట్టడానికి బయల్దేరింది. చూసినవాళ్లు ఏమనుకుంటారోనని ఆడపడుచు నసిగింది గానీ, ఆమెకు ఆ బెంగ కూడా లేదు. ఈ ఇరవై రోజులూ ఆమెకు ఏదీ పట్టలేదు. అన్నం పెడితే తింది, పడుకోమంటే పడుకుంది. కంట తడి మాత్రం రాలేదు. చుట్టాలు చాటుగా రాతిగుండె అన్నారు. అది చెవిన పడింది, అదీ పట్టలేదు.

ఏటి పక్క నడకదారిని పక్షుల సంఘంవాళ్లు ఆరు ముక్కలు చేసి పంచారు. రెండో ముక్క పందొమ్మిదేళ్లుగా ఈ మొగుడూ పెళ్లాలది. వరసగా మూడు ఆదివారాలు తప్పితే లెక్క పుస్తకం వెనక్కి తీసుకుని ఇంకొకరికి ఇచ్చేస్తారు. రెండు తప్పాయి, ఇది మూడోది. ఆయన చేతుల్లో నలిగిన పుస్తకం పరాయివాళ్ల సంచిలోకి పోకూడదు. ఆమెలో మిగిలిన పట్టుదలంటూ ఉంటే అదొక్కటే.

చూసేవాళ్లు చూడాలి, రాసేవాళ్లు రాయాలి. ఇద్దరూ చూస్తే ఒకే కొంగ రెండు కొంగలవుతుందని ఆయన రూలు. తూనికలు కొలతల ఇన్స్పెక్టరు మరి! యాభై గ్రాముల తేడాకు సొంత చెల్లెలి మొగుడి కొట్టుకే సీలు వేసిన ఘనుడు. ఆమేమో కోర్టులో ముప్పై ఏళ్లు చెప్పింది చెప్పినట్టు టైపు కొట్టిన మనిషి, తలెత్తదు. పైగా పెట్టుకునేది దగ్గరచూపు అద్దాలు. పుస్తకం దాటితే అంతా మసకే. అలా వేల పిట్టల్ని రాసింది గానీ ఒక్కదాన్నీ సరిగా చూసిన పాపాన పోలేదు.

ఇవాళ దుర్భిణీ తోడొచ్చిన ఆడపడుచు మెడలో ఉంది. ఆవిడ నోరు ఊరుకోదు.

"వదినా, నల్లటివేవో బట్టలారేసినట్టు రెక్కలు ఆరేసుకున్నాయి."

"నీటికాకి. ఎన్ని?"

"మూడు. చూడకుండా ఎలా చెప్తున్నావే?"

"మీ అన్నయ్య చెప్పేవారు." టైపిస్టమ్మ మూడు అని రాసింది.

దారి మధ్యలో చెక్క బల్ల వచ్చింది. అక్కడికి రాగానే ఆయన గొంతు తగ్గించి, "లకుముకి, ఒకటి. గుంజ మీదుంది. కూర్చో, అది ఎగిరేదాకా కదలకు" అనేవాడు. పది నిమిషాలు ఇద్దరూ చప్పుడు చేయకుండా కూర్చునేవాళ్లు. ఇంట్లో మెట్ల మీద జారి పడినప్పటి నుంచీ ఆమెకు ఎడమ మోకాలు సలుపుతోంది. ఆ పది నిమిషాలూ ప్రాణం లేచొచ్చేది. నొప్పి సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆదివారాలు మాన్పిస్తారని భయం. ఈ ఇరవై రోజుల్లో ఆ నొప్పి కూడా ఏమైందో ఆమెకు తెలియలేదు.

అలవాటుగా బల్ల మీద కూర్చుని, "గుంజ మీద లకుముకి ఉంటుంది చూడు" అంది.

ఆడపడుచు అటూ ఇటూ తిప్పి చూసింది. "ఏ గుంజే? ఇక్కడ నీళ్లు తప్ప ఏమీ లేవు."

దారి ఊడుస్తున్న కాపలాదారు చీపురు ఆపాడు. "పడవలు కట్టే గుంజేనామ్మా? అది వరదకు కొట్టుకుపోయి రెండేళ్లయింది. మీ సారే కదా, చూసి ఆఫీసుకి ఫోన్ చేశారు."

టైపిస్టమ్మ పేజీలు వెనక్కి తిప్పింది. పోయిన నెల, లకుముకి, ఒకటి. నిరుడు, లకుముకి, ఒకటి. ప్రతి ఆదివారం తన చేత్తో తనే రాసింది. తను మెట్ల మీద పడ్డ వారం నుంచీ ఒక్కటీ తప్పలేదు. అంతకుముందు వాటిలో లకుముకి ఎప్పుడో గానీ లేదు.

ఆడపడుచు భుజం మీదుగా చూసి ముక్కున వేలేసుకుంది. "మా కొట్టుకి సీలేసిన మనిషి, నీ చేత దొంగలెక్క రాయించాడా! ఎందుకే వదినా?"

టైపిస్టమ్మ దగ్గరచూపు అద్దాలు తీసి మొదటిసారి ఏటి వైపు చూసింది. నిజమే, నీళ్లు తప్ప ఏమీ లేవు.

"కొట్టేస్తావా ఇవన్నీ?"

"లేదు." మళ్లీ అద్దాలు పెట్టుకుని, ఇవాళ్టి గడిలో లకుముకి ఎదురుగా సున్నా చుట్టింది. పుస్తకం మూసింది.

"సరే, పద మరి. ఇంకా సగం దారుంది."

టైపిస్టమ్మ లేవలేదు. బల్ల మీద తన పక్కనున్న ఖాళీ చోటు మీద చెయ్యి వేసింది.

"కాసేపు ఉందాం. మోకాలు నొప్పిగా ఉంది."

"నీకు మోకాలు నొప్పా? మాకెవరికీ చెప్పనే లేదే! అన్నయ్యకి తెలుసా?"

"తెలుసు" అంది టైపిస్టమ్మ. అని, బావురుమంది.