మోగని బండలు

టంగ్.

మంచి బండను సుత్తెతోని కొడితే గట్ల మోగుతది. గుడిగంట అంత కాదు... స్టీలు చెంబంత.

లోపల పగులున్న బండ మోగది. దబ్ మంటది. దాన్ని మా నాయిన గుల్ల అంటడు.

మా నాయిన బిచ్చయ్య ముప్పై ఏండ్లు తాండూరు బండల గనిల చేసిన పని గిదే. కొట్టుడు. ఇనుడు. మంచిది ఇటు, గుల్లది అటు. మా చెవులకు అన్నీ ఒక్కతీరే.

పని ఇడిశి రెండేండ్లాయె. సుత్తె ఇడువలే. వికారాబాద్‌ల మా ఇంట్ల మేకుకు ఏలాడుతది — నేను గడియారం పెడ్దామన్న జాగల.

ఈ యేడు కొత్తిల్లు కడుతున్నం. కింద పరిచే ఫర్షికి నలభై బండలు దించినం. నాయిన సుత్తె పట్టుకొని బయలెల్లిండు.

మొదటిది — దబ్.

రెండోది — దబ్.

నలభైకి నలభై... దబ్.

"అన్నీ గుల్లనే బిడ్డా."

మేస్త్రి మత్తయ్య నన్ను పక్కకు పిలిశిండు. "పొద్దుగాల నేను కొట్టి చూసిన అక్కా, బండలు మంచియే. మీ నాయిన చెవే పోయింది."

మెల్లగనే చెప్పిండు. చెవితోని ఇన్నడో, నా మొఖంల చూసిండో — నాయినకు తెలిశింది.

సుత్తె మేకుకు తగిలించిండు. నాలుగు దినాలు అమ్మ రొట్టె ఏస్తే సగం తిని లేసుడే. నాకు భయమైంది. ముసలితనంల చెవి పోతే పోనీ, మిషన్ పెట్టిద్దుము. కానీ ఈయన బతికిందే చెవితోని. అది పోతే మా నాయినల ఏం మిగుల్తది?

ఐదో దినం ఆయనే అన్నడు.

"ఒక్కసారి తాండూరు తీస్కపో బిడ్డా. బండ పుట్టిన కాడనే కొట్టి చూస్త. గాడ గూడ మోగకుంటే... ఇగ సుత్తె ముట్ట."

పొద్దుగాల ప్యాసింజర్. అనంతగిరి గుట్టలు ఎనుకకు పోయినయి. కంది చేండ్లు వచ్చినయి. సుత్తె నాయిన ఒళ్లెనే ఉన్నది.

తాండూరుల దిగి ఆటో ఎక్కినం. తొవ్వ పొంటి తెల్ల దుమ్ము. చెట్ల మీద దుమ్ము. నేను కొంగు అడ్డం పెట్టుకున్న. నాయిన ఆ గాలిని కడుపు నిండ పీల్చిండు.

గని అంటే మెట్లు మెట్లుగ దిగే పెద్ద గొయ్యి. అడుగున పచ్చటి నీళ్లు. అంచులకు నీలి బండలు, ఒకదాని మీద ఒకటి.

నాయిన వంగిండు. కొట్టిండు.

దబ్.

ఇంకోటి. దబ్.

కూలవడ్డట్టు కూసున్నడు. నేను నీళ్ల దిక్కు చూసిన. ఆయన మొఖం చూసే ధైర్యం లేకుండె.

అప్పుడొచ్చిండు జంగప్ప. నాయినతోని పనిచేసిన మనిషి, ఇంకా చేస్తున్నడు. సంగతి ఇన్నడు. సుత్తె తీస్కొని చెవి కాడ ఊపిండు.

లటక్. లటక్.

"పిడి ఎండింది కదనే బిచ్చన్నా. నీళ్లల్ల పెట్టక ఎన్నొద్దులాయె?"

గనిల ఉన్నన్నాళ్లు పొద్దుమీకి సుత్తెలన్నీ నీళ్లల్ల ఏసే పోయేటోళ్లు. కట్టె ఉబ్బి ఇనుమును బిగవడుతది. మా ఇంట్ల రెండేండ్లు మేకుకు ఎండింది. వదులైన సుత్తెల చప్పుడు అండ్లనే సచ్చింది. ముప్పై ఏండ్ల పనోడు బండ మీద అనుమానవడ్డడు, సొంత చెవి మీద అనుమానవడ్డడు... సుత్తె మీద మాత్రం పడలే.

నాకు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది.

సుత్తెను నీళ్లల్ల ఏసినం. రొట్టెలు, పచ్చికారం ముగ్గురం కూసొని తిన్నం. నాయిన మూడు రొట్టెలు తిన్నడు. పొద్దు నెత్తి మీదికెల్లి వాలింది.

తీసి కొట్టిండు.

టంగ్.

ఈసారి నాక్కూడ తెలిశింది.

జంగప్ప ఊకుంటడా. ఐదు బండలు నిలవెట్టి నాయిన కండ్లకు తువ్వాల కట్టిండు. మూడో బండ కాడ నాయిన ఆగిండు. "గుల్ల" అన్నడు. జంగప్ప బండను తిప్పిండు — ఎనుక ఎంటికంత పగులు.

అమ్మయ్య. మా నాయిన మా నాయిననే.

వచ్చేటప్పుడు రైలు పొడుగూత ఒకటే ముచ్చట. సుత్తెకు తడిగుడ్డ చుట్టిండు.

కొత్తింటి కాడికి చేరేసరికి ఇంకా ఎండ ఉన్నది. మత్తయ్య చేతులు కట్టుకొని నిలవడ్డడు. ముప్పై తొమ్మిది బండలు మోగినయి.

ఆఖరిదాని కాడ నాయిన ఆగిండు. మళ్ల కొట్టిండు. తల పక్కకు వంచిండు. నా దిక్కు చూసిండు.

గుల్లనో... పిడి మళ్ల ఎండవట్టెనో... చెవినో...

"బకెట్ల నీళ్లు పట్టు బిడ్డా. పొద్దుగాల చూద్దాం."

స్టీలు బకెట్ నింపి పెట్టిన. నాయిన సుత్తెను మెల్లగ ఇడిశిండు. అది అడుగుకు తగిలింది. టంగ్...

నేను తలెత్తేసరికే నాయిన నవ్వుతున్నడు — నాకంటే ముందు ఆయనే ఇన్నడు.