మెయిల్ మోసే చీమలు

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టగానే అమ్మ చేసే మొదటి పని, వంటింటి గోడ మీద చీమల దారికి ఏదీ అడ్డం లేకుండా చూసుకోవడం. ఇంట్లో ఎవరు మెయిల్ పంపినా సరే, ల్యాప్‌టాప్ పక్కనుంచి ఓ చీమ బయల్దేరుతుంది. నెత్తిన తెల్లటి మూట పెట్టుకుని, గోడెక్కి, అలమార పక్కగా నడిచి, రౌటర్ వెనకున్న కన్నంలో దూరిపోతుంది. ఏ ఇంట్లోనైనా అంతే. ఓసారి ఉప్పు డబ్బా అడ్డం పెడితే, కరెంటాఫీసుకి పంపిన కంప్లయింటు మధ్యాహ్నం దాకా ఆ డబ్బా చుట్టూనే తిరిగింది.

ఆ సోమవారం మాత్రం అమ్మ గోడని వదిలేసి కూతుర్ని చూస్తోంది. ఇంట్లో ఆ పిల్లని అందరూ రాకెట్ అంటారు. ముందు దూసుకెళ్తుంది, ఎక్కడికో తర్వాత ఆలోచిస్తుంది.

"ఏంటే, గోళ్లు కొరుక్కుంటున్నావ్?"

"శుక్రవారం టెస్టుకి పిలిచారమ్మా. ఆ ఉద్యోగానికి."

"పిలిస్తే మంచిదేగా!"

"మెయిల్ సర్వర్ నడపడం మీద టెస్టు."

"వచ్చుగా నీకు?"

"వచ్చని అప్లికేషన్లో రాశా."

అమ్మ చేతిలో గరిటె ఆగింది. "వచ్చా, రాశావా?"

"రాశా."

సోఫాలో ఉన్న బాబాయ్ పగలబడి నవ్వాడు. ఆయనకి టైర్ల షాపుంది. ఇదీ తుస్సుమంటే శనివారం నుంచి రాకెట్ ఆ షాపులో బిల్లులు కొట్టాలని ఇంట్లో తీర్మానం అయిపోయింది మరి.

"రబ్బరు వాసన మెల్లగా అలవాటు చేసుకోవే," అన్నాడు. "మొదట్లో తలనొప్పి. తర్వాత స్వర్గం."

"ఆ స్వర్గంలో నువ్వే ఉండు బాబాయ్."

అని ఫోజైతే కొట్టింది. పాత కంప్యూటర్ని తెచ్చి వంటింటి బల్ల మీద పెట్టింది. అందులో మెయిల్ సర్వర్ ఎక్కించి, ఇంటి మెయిల్స్ అన్నీ దాని మీదుగానే పోయేలా తిప్పింది. వీడియోలు రెట్టింపు స్పీడులో పెట్టుకుని చూసింది. సగం బుర్రకెక్కలేదు. ఎక్కని సగం గోడ చూస్తే ఎక్కింది. వీడియోలో వాడు 'క్యూ' అంటూ అరగంట వాయించాడు. గోడ మీద చూస్తే ఏముంది, దారి దొరక్క ఒకదాని వెనక ఒకటి నిలబడ్డ చీమలు. డీఎన్ఎస్ అంటే ఏంటో అర్థంకాక జుట్టు పీక్కుంది. తీరా చూస్తే రౌటర్ కన్నం దగ్గర కూర్చున్న ముసలి చీమ. వచ్చిన ప్రతి చీమా దాని మీసాలకి మీసాలు తగిలించి 'ఈ మూట ఏ గుమ్మంలో దించాలి?' అని అడిగి పోతోంది. ఓస్ ఇంతేనా అనుకుంది రాకెట్.

ఆ ఊపులో మంగళవారం సాయంత్రం సెట్టింగ్స్‌లో ఓ లైను రాసింది. ఎవరైనా, ఎవరికైనా, మన సర్వర్ మీదుగా పంపుకోవచ్చు అని. అప్పటిదాకా మెయిల్ పంపినప్పుడల్లా వస్తున్న ఎర్రర్ పోయింది. హాయిగా పడుకుంది.

బుధవారం పొద్దున అమ్మ కేకకి లేచింది.

వంటిల్లు నల్లగా ఉంది. సింకు గొట్టంలోంచి, కిటికీ సందుల్లోంచి, గడప కిందనుంచి చీమలే చీమలు. ఒక్కటీ మనింటిది కాదు. ఎక్కడెక్కడివో వచ్చి, గోడెక్కి, రౌటర్ కన్నంలోంచి తోసుకుంటూ పోతున్నాయి. అమ్మ ఓ మూట విప్పి చదివింది.

"'అభినందనలు, మీకు లాటరీలో కారు తగిలింది.' ఎవరే వీళ్లంతా? మనిల్లేమైనా బస్టాండా?"

ఈలోపు పై వాటా ఆంటీ మెట్లు దిగొచ్చింది. "ఏమ్మా రాకెట్టూ, మా చీమల్ని ఎక్కడా లోపలికి రానివ్వట్లేదు! ఈ బిల్డింగంటేనే దొంగ మెయిల్స్ పంపేవాళ్లని చెడ్డ జాబితాలో రాసేశారంట. ఏం చేశావు తల్లీ?"

తను చేసిందేంటో రాకెట్‌కి అప్పుడు వెలిగింది. తలుపు బార్లా తీసి 'రండి బాబూ రండి' అని బోర్డు పెట్టింది. మొహం కడుక్కోకుండానే కూర్చుని ఆ లైను పీకేసి, ఇంటివాళ్లకే, అదీ పాస్‌వర్డు చెబితేనే దారి అని మళ్లీ రాసింది. కన్నం దగ్గర ముసలి చీమ లేచి నిలబడి బయటివాటిని తరిమేసింది. చెడ్డ జాబితా వాళ్లకి 'తప్పయిపోయింది' అని రాసి, బిల్డింగు పేరు తీయించేసరికి చీకటి పడింది.

శుక్రవారం. పెద్ద గది, బల్లకో కంప్యూటరు, దానికో మనిషి. పక్క బల్ల దగ్గర టై కట్టుకున్న ఒకాయన వేళ్లు విరుచుకుంటున్నాడు. టెస్టు పెట్టే మేడమ్ కళ్లద్దాలు పైకి తోసుకుని చెప్పింది.

"సర్వర్ ఎక్కించండి. ఇద్దరికి అకౌంట్లివ్వండి. బయటివాళ్లు వాడుకోకుండా చూడండి. చివర్లో నా ఫోనుకి ఒక మెయిల్ పంపండి. అది చేరాలి."

రాకెట్ వేళ్లు పరుగు పెట్టాయి. మేడమ్ బయటి మనిషిలా ఒక్కొక్కరి సర్వర్‌నీ వాడుకోబోయింది. చాలామంది దగ్గర నడిచింది. రాకెట్ సర్వర్ మాత్రం మొహం మీదే పొమ్మంది. మేడమ్ ఏదో రాసుకుంది. ఇంక రాకెట్ పంపాల్సిన ఆఖరి మెయిల్. పంపింది.

చేరలేదు.

మళ్లీ పంపింది. చేరలేదు. గది మొత్తం అదే గోల. టై ఆయన చెమటలు కక్కుతూ అంతా చెరిపేసి మొదట్నుంచి మొదలెట్టాడు. రాకెట్ కూడా చెరిపేద్దామని చెయ్యి పెట్టింది. కళ్లముందు టైర్లు దొర్లాయి. చెయ్యి వెనక్కి తీసుకుని, స్క్రీన్ వదిలేసి, నేల వైపు చూసింది.

తన చీమ బల్ల కాలు దిగింది. గోడ వెంట చక్కగా నడిచింది. మూలన లైట్లు మిణుకుమంటున్న ఇనప పెట్టె దాకా వెళ్లి, తల కొట్టుకుని, మూటతో సహా వెనక్కొస్తోంది. టై ఆయన చీమా అంతే. అందరివీ అంతే.

రాకెట్ గబగబా ఇంకో పరీక్ష చేసి చూసుకుని లేచి నిలబడింది.

"మేడమ్, తప్పు నా దగ్గర లేదు. మీ దగ్గరుంది."

టై ఆయన "కూర్చోమ్మా, కూర్చో" అని గొణిగాడు.

"ఎలా చెప్తున్నావ్?" అంది మేడమ్.

"లోపల్లోపల పంపుకునేవి చేరుతున్నాయి. వెబ్‌సైట్లు కూడా తెరుచుకుంటున్నాయి. బయటికి పోయే మెయిల్స్ ఒక్కటే ఆ పెట్టె దగ్గర్నుంచి వెనక్కొస్తున్నాయి. మెయిల్ బయటికెళ్లేది ఇరవై ఐదో పోర్టు అనే గుమ్మంలోంచి. దాన్ని ఆ కాపలా పెట్టెలో, అదే మీ ఫైర్‌వాల్‌లో, ఎవరో మూసేశారు. వచ్చి చూడండి."

మేడమ్ వెళ్లి పెట్టె దగ్గర వంగింది. కాసేపు చూసి, ఫోన్ తీసింది.

"నిన్న ఫైర్‌వాల్ ఏమైనా కదిపావా?"

"సెక్యూరిటీ గట్టి చేశా మేడమ్," అంది అవతలి గొంతు గర్వంగా.

"చాలా గట్టిగా చేశావ్. అందుకే కాబోలు నిన్నట్నుంచి మన మెయిల్స్‌కి ఒక్క కస్టమరూ తిరిగి తిట్టట్లేదు! ముందు ఆ పోర్టు తియ్యి."

పెట్టెలో ఏదో టక్కుమంది. అంతే! పెట్టె వెనక పేరుకుపోయిన ఆఫీసు చీమలన్నీ గట్టు తెగినట్టు బయటికి పరిగెత్తాయి. వాటి మధ్యలోంచి రాకెట్ చీమ దూరింది. మేడమ్ ఫోన్ మోగింది.

"చేరింది," అంది మేడమ్. "ఎన్నాళ్ల అనుభవం?"

"సోమవారం నుంచి మేడమ్."

"ఏ సోమవారం?"

"మొన్నటిదే."

మేడమ్ నవ్విందో దగ్గిందో తెలీలేదు. "ఫలితం మెయిల్‌లో వస్తుంది. వెళ్లు."

రాకెట్ ఇంటికి బస్సెక్కింది. సిగ్నల్ దగ్గర బస్సు ఆగినప్పుడు బాబాయ్ ఫోన్.

"ఏమే, అయిపోయిందా? రేపు షాపు తీసేలోపు వచ్చెయ్. నీకో కుర్చీ కూడా తుడిపించా."

రాకెట్ కిటికీలోంచి తల బయటికి పెట్టింది. రోడ్డు మీదుగా వేలాడే కేబుల్ తీగ మీద చీమలు పోతున్నాయి, టెస్టు పెట్టిన ఆఫీసు వైపు నుంచి రాకెట్ వాళ్ల వీధి వైపే. 'కుదరదు' అన్న మాట మొయ్యడానికి ఒంటి చీమ చాలు. ఇది గుంపు. పెళ్లి మంచం మోస్తున్నట్టు తలో కోడు పట్టుకుని, తూలుతూ, ఆగి ఊపిరి తీసుకుంటూ పోతున్నాయి. జీతం, చేరాల్సిన తేదీ, పేజీలకి పేజీల షరతులు, కింద సంతకం, స్టాంపు. ఇవన్నీ ఉంటేనే అంత బరువు.

"ఏమే, వింటున్నావా?"

"బాబాయ్, ఆ కుర్చీలో ఇంకెవర్నైనా కూర్చోబెట్టుకో."

"అంటే? మెయిల్ వచ్చిందా?"

"ఇంకా రాలేదు," అంది రాకెట్. "ఇప్పుడే సిగ్నల్ దాటింది."