ఎర్ర మొన

నేను ఒక పెన్సిల్‌ని. ఒక కొస ఎరుపు, ఇంకో కొస నీలం. నడుము దగ్గర రెండు రంగులూ కలుస్తాయి గానీ ఒకదాని మొహం ఒకటి ఎన్నడూ చూసుకోలేదు. ఇప్పుడు నేను చూపుడువేలంత మిగిలాను. అందులో ఎరుపు పాలు ఎక్కువ. ఎందుకు ఎక్కువో చెప్పడానికే ఈ కథ.

నన్ను ఏ ఊళ్ళో చేశారో గుర్తులేదు. రెండు చెక్కల మధ్య జిగురు పూసి బిగించడం, డజనులో ఒకడిగా అట్టపెట్టెలో పడుకోవడం లీలగా జ్ఞాపకం. తోటివాళ్ళు బళ్ళకు పోయారు. నేను తపాలా ఆఫీసుకు చేరి, ఉత్తరాలు విడదీసే కూర్మారావు గారి చేతికి చిక్కాను. చిరునామా తప్పయితే ఎర్ర గీత, సరైన ఊరు తెలిస్తే నీలం రాత. మనుషులు తమకు బాగా దగ్గరివాళ్ళ చిరునామాలే ఎక్కువగా తప్పు రాస్తారని నేను అక్కడ నేర్చుకున్నాను.

రిటైరైన నాడు ఆయన నన్ను జేబులో పెట్టుకునే ఇంటికొచ్చేశారు. సర్కారు సొమ్ము తెచ్చానే అని రెండు రోజులు మథనపడ్డారు. మూడో రోజు నన్ను కూర్మనాథుడి పటం ముందు పెట్టి, "నీదే అనుకుని వాడుకుంటాను స్వామీ" అన్నారు. స్వామి కాదనలేదు.

అప్పటి నుంచి నా పని పేపర్లో వచ్చే గళ్ళనుడికట్టు. పొద్దున్నే పూజ, తరువాత కాఫీ, ఆ తరువాత నేను. నా రాత రబ్బరుకు చెరగదు. అందుకని ఆయన మనసులో తేల్చుకున్న మాటే రాసేవారు.

అరవై మూడో ఏట ఆయన కిడ్నీలు పాడయ్యాయి. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున్న నాలుగు గంటలసేపు ఆసుపత్రిలో మిషను పక్కన పడుకోవాలి. మొదట్లో ఎడమ చేతికి సూదులు గుచ్చేవారు, కుడి చేత్తో రాసుకునేవారు. ఎడమ చేతి నరం మూసుకుపోయాక సూదులు కుడి చేతికి మార్చి, ఆ చెయ్యి కదపకూడదన్నారు. ఆ రోజు పేపరు ఆయన గుండెల మీద, నేను జేబులో, ఊరికే పడి ఉన్నాం.

పక్క మంచం మీద దమయంతి. జీడిపిక్కలు కొట్టే పనికి పోయి పోయి వేళ్ళు నల్లబడ్డ మనిషి. నలభై దాటి ఉంటాయి.

"ఆ పేపరు అలగ గుండెల మీదెట్టుకుని ఏటి సూస్తారు బాబూ?"

"గళ్ళు నింపాలమ్మా. రాసే చెయ్యి కట్టేశారు."

"నాది ఎడం చెయ్యే కట్టీసారు. ఇటివ్వండి, మీరు సెప్పండి, నాను రాస్తాను. ఏడో తరగతి సదివాను లెండి, తలకట్లు పోవు."

నర్సమ్మ నన్నూ పేపరునూ ఆ మంచం మీదికి అందించింది. ఆమె ఆధారాలు చదివేది, ఆయన కళ్ళు మూసుకుని జవాబు చెప్పేవారు, నేను నీలంగా నడిచేవాణ్ణి. వారం రోజులు అలాగే సాగింది. ఒక సోమవారం మాత్రం ఆమె చెయ్యి ఆగింది.

"గింజ లేని వడ్లు, గాలికి ఎగిరిపోతాయి. రెండు గళ్ళు."

"పొట్టు. రాయి."

"పొట్టు దంచితే వస్తాది బాబూ. గాలికి పోయేది తాలు."

"ముప్పై ఏళ్ళ నుంచి నింపుతున్నానమ్మా. పొట్టే రాయి."

రాసింది. మంగళవారం పేపర్లో జవాబులు పడ్డాయి. కూర్మారావు గారు ఆ ముక్క కత్తిరించి, బుధవారం పాత పేపరుతో సహా పట్టుకొచ్చారు. "తాలే. పెన్సిల్ తిప్పి పట్టుకో, ఎర్ర మొనతో దాని మీద నువ్వే రాయి. ఈ రోజు నుంచి నీకు తెలిసిన మాటలు ఎర్రగా, నావి నీలంగా."

"అదేటి, నా మాటలు కూడా ఉంటాయా?" అని ఆమె నవ్వింది.

ఉన్నాయి. రాజులు, పురాణాలు ఆయనవి. పైరు, వల, పొయ్యి, పురుడు ఆమెవి. ఏడాది తిరిగేసరికి నా రెండు కొసలూ సమానంగా అరిగాయి. ఆయన ఇంట్లో కూడా ఆసుపత్రి రోజు కోసం ఎదురుచూడటం మొదలుపెట్టారు. ఆ సూదుల బాధ కోసం ఎదురుచూసే మనిషిని నేను మరెక్కడా చూడలేదు.

దమయంతి ఒక నియమం పెట్టింది. "అన్నీ నింపీకండి బాబూ. ఒక మాట ఉంచండి. మళ్ళీ రావాల కదా." తెలియక వదిలింది లెక్కలోకి రాదు, ఇద్దరికీ తెలిసిన మాటే వదలాలి. ఇంటి గడప దాటేటప్పుడు వెళ్తాను అనకుండా వెళ్ళొస్తాను అంటామే, అలాంటిదన్నమాట. కూర్మారావు గారు ఒప్పుకున్నారు. ఆ రోజు నుంచి ప్రతి పేపర్లోనూ ఒక తేలిక మాట ఖాళీగా ఉండిపోయేది.

ఒక శుక్రవారం ఆమె వచ్చీ రాగానే అంది. "మా అక్క కిడ్నీ నాకు సరిపోద్దంట. వచ్చే వారం విశాఖపట్నంలో ఆపరేసను."

"కూర్మనాథుడు చల్లగా చూశాడు తల్లీ" అన్నారాయన. ఆ మాట నిజమే. ఆరు నెలలుగా ఆమె పేరు చెప్పి ఆయన రోజూ తులసి వేస్తున్నారు. ఆమెకు బాగవ్వాలి. కానీ ఆ మంచం ఖాళీ కాకూడదు. రెండూ ఒక నోటితో స్వామిని ఎలా అడగాలో ఆయనకు తెలియలేదు. జేబులో ఉన్న నాకు ఆ గుండె చప్పుడు వినపడుతూనే ఉంది.

ఆ పూట పేపరు తొందరగానే పూర్తయింది. నిలువు పద్నాలుగు మిగిలింది. నూనెలో తడిసి వెలిగేది, రెండు గళ్ళు. ఆమె నన్ను పేపరు మడతలో పెట్టి ఇవ్వబోయింది.

"అది కూడా రాసెయ్" అన్నారాయన.

"నియమం మర్సిపోనారా? ఒకటుండాల."

"ఇంటి నుంచి వెళ్ళేటప్పుడు వెళ్ళొస్తానంటాం. ఆసుపత్రి నుంచి వెళ్ళేటప్పుడు అంటామా తల్లీ?"

ఆమె పేపరును మళ్ళీ తన వైపు లాక్కుంది. మిషను తన పాటికి తాను తిరుగుతోంది.

"మరి మీరో?" అంది.

"నాకు సోమవారం పేపరు వస్తుందిలే."

ఆమె నన్ను తిప్పి, ఎర్ర మొనతో నెమ్మదిగా 'వత్తి' అని రాసింది. సూదులు తీశాక లేచి ఆయన కాళ్ళకు దణ్ణం పెట్టింది. వెళ్ళొస్తాననకుండా, వెనక్కి తిరగకుండా వెళ్ళింది. అలాగే వెళ్ళాలి. ఆ తలుపు మూసుకునేదాకా కూర్మారావు గారు చూస్తూనే ఉన్నారు.

ఆపరేషను బాగా జరిగిందని ఫోను వచ్చింది. ఆసుపత్రుల గాలి తగలకూడదని డాక్టర్లు చెప్పారట, అందుకని ఆమె ఇటు రాదు. ఆయన ఆ పూట గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టారు. అడిగింది ఇచ్చిన స్వామి, ఇచ్చిన చోటే ఇంత ఖాళీ ఎందుకు ఉంచాడో అడగాలనుకుని, అడగకుండానే ప్రసాదం తీసుకుని వచ్చేశారు.

ఇప్పుడు ఆ మంచం మీద ఎవరో పెద్దాయన నిద్రపోతుంటారు. కూర్మారావు గారు ఎడమ చేత్తో రాయడం నేర్చుకున్నారు. అక్షరాలు కుదురుగా రావు, పురాణాల గళ్ళు మాత్రం నిండుతాయి. పైరు గళ్ళు, పొయ్యి గళ్ళు అలాగే ఉంటాయి. వాటిలో కొన్ని ఆయనకు తెలుసునని నాకు అనుమానం.

మొన్న నీలం మొన విరిగితే నర్సమ్మ బ్లేడుతో చెక్కింది. ఎర్ర కొసకు ఆయన చుట్టిన ప్లాస్టరు ముక్కను చూసి, "ఇది తీసి ఇటు కూడా చెక్కమంటారా?" అని అడిగింది.

"వద్దమ్మా. అది చెక్కే ఉంది."

ఉంది. 'వత్తి' రాసినప్పటి మొన అలాగే ఉంది. రోజురోజుకీ నీలం తరుగుతోంది. అది పూర్తిగా అయిపోయిన నాడు ఆయన చేతిలో మిగిలేది ఆమె సగమే. అప్పుడు ఆ ప్లాస్టరు విప్పుతారో, నన్ను తీసుకెళ్ళి స్వామి పటం ముందు పెట్టేస్తారో నాకు తెలియదు.

ప్రస్తుతానికి సోమవారం నాలుగు గంటలూ అయ్యాయి. ఆయన నన్ను జేబులో పెట్టుకుంటున్నారు. ఇద్దరికీ తెలిసిన మాట ఒకటి, ఈ పేపర్లోనూ, వదిలేశారు.