పొట్టేలుకు పేరుండదు

గొర్రెల దొడ్డిలో పెంటికలు ఊడ్వడానికి రెండు చేతులు చాలు, బుర్రతో పనిలేదు. అందుకే రక్షితకు ఆ పని ఇష్టం. చీపురు పట్టుకుని మనసులో ఒక వాక్యం మొదలుపెడితే గంప నిండేసరికి అది కుదురుకుంటుంది. కర్ణాటక అంచున బలసముద్రంలో ఆ ఇంటి పొలమంతా సోలార్ పార్కుకు కౌలుకు పోయింది. మిగిలింది ఇరవై గొర్రెలు, అత్త ఓబమ్మ, ప్లాంటులో సెక్యూరిటీ పని చేసే మొగుడు నందీశ్, రెండేళ్ల పాప. పావగడలో బీఎస్సీ చదివొచ్చిన కోడలికి ఆ ఇంట్లో ఎన్ని పనులున్నా, బీఎస్సీతో పనిబడేది ఒక్కటీ లేదు.

ఒకటుంది, కానీ అది ఎవరూ చెప్పింది కాదు. పాప కడుపులో ఉన్నప్పుడు, ఎవరైనా రాయగలిగే ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో జన్యువుల గురించి తెలుగులో ఏముందో వెతికింది. రెండు లైన్లున్నాయి, అందులో ఒకటి తప్పు. ఇంగ్లిషులో చదివి, కన్నడలో నోట్సు రాసుకుని, తెలుగులో బతికే మనిషికి అది చూసి ప్రాణం ఉసూరుమంది. తప్పు దిద్దింది. దిద్దిన చెయ్యి ఊరుకోలేదు. రెండేళ్లలో నలభై మూడు వ్యాసాలు రాసింది. కంటికి కనిపించని ఒక్క కణంలోని డీఎన్ఏ పోగులన్నీ సాగదీసి కలిపితే ఆరడుగులు దాటుతాయట! నిలువెత్తు మనిషిని మించిన పొడవు ఇసుక రేణువుకన్నా చిన్నదాంట్లో ముడుచుకుని ఉందంటే ఒళ్లు జలదరించింది. ఆ వాక్యం రాసిన పూట సంకటి మాడింది. "ఏందిమే, ముద్దను సోలార్ పలకల మీద ఉడికిచ్చినావా?" అన్నాడు నందీశ్. ఈమెయిలు అతనిది కాబట్టి ఖాతా కూడా అతని పేరు మీదే తెరిచారు. ఆ రోజు అదేమంత పెద్ద సంగతిగా తోచలేదు.

నిన్న ఆ ఖాతాకు, సర్వస్వం నిర్వాహకుల నుంచి ఉత్తరం వచ్చింది. "నందీశ్ గారూ, తెలుగులో జన్యుశాస్త్రాన్ని ఇంత తేటగా రాసినవారు లేరు. అనంతపురంలో మా సమావేశానికి వచ్చి మాట్లాడండి." నందీశ్ దాన్ని రెండుసార్లు చదివాడు. ముఖం వెలిగిపోయింది.

"పోయొస్తా లేమ్మే. నువ్వు రెండు పేజీలు రాసియ్యి, చదివేస్తా. ఎవురి పేరయితే ఏంది, ఇద్దురిదీ ఒగటే ఇల్లు కదా."

అతను చెడ్డవాడైతే కోపం తెచ్చుకోవడం సులువయ్యేది. కానీ మంచివాడే, పాపకు జోల కూడా పాడతాడు. తనది కానిది తీసుకుంటున్నానని అతనికి తట్టనే లేదు. ఒక ఖాతా ఒక మనిషిదే అయ్యుండాలని ఆ సర్వస్వంలో నియమం. నిజం చెబితే ఖాతా మూసేయొచ్చు. చెప్పకపోతే రెండేళ్ల రాత నందీశ్‌దిగానే ఉండిపోతుంది.

తెల్లారి దొడ్డిలో ఒక గొర్రె ఈనింది. ఓబమ్మ పిల్లను గోనెపట్టతో తుడుస్తోంది.

"ఇది బొల్లి వంశం మే. బొల్లిని మాయత్త తెచ్చింది. దాని కూతురు నల్లచెవిది, దాని కూతురు మొండితోకది, దాని కూతురే ఇప్పుడు ఈనింది."

"మరి పొట్టేలో, అత్తా?"

"పొట్టేలుకి పేరేందే? రెండేండ్లకొకసారి సంతలో మారుస్తాం. ఉండేది గొర్రె కదా."

రక్షిత చేతిలో చీపురు ఆగిపోయింది. నెల రోజులు తంటాలుపడి రాసిన మైటోకాండ్రియా వ్యాసానికి దగ్గరి చుట్టం ఇక్కడ, అక్షరం రాని మనిషి నోట్లో ఉంది. మన ఒంట్లో కూడా తల్లి నుంచి మాత్రమే వచ్చేది ఒకటుందని, అమ్మమ్మకు వాళ్లమ్మ, ఆమెకు వాళ్లమ్మ ఇచ్చుకుంటూ వచ్చారని చెప్పింది.

ఓబమ్మ ఆరు నెలల పిల్లగా ఉన్నప్పుడే వాళ్లమ్మ పోయింది.

"మాయమ్మ మొగమే నేను చూల్లేదు. పటం గూడా లేదు."

"నీలో ఉండాది అత్తా. ఒళ్లంతా ఉండాది."

ఓబమ్మ తన చేతులు తిప్పి తిప్పి చూసుకుంది. అరవై ఏళ్లుగా పనిచేయడానికే తప్ప చూసుకోవడానికి ఎత్తని చేతులవి. కళ్లనిండా నీళ్లు. తను రాసింది నిజమని రక్షితకు ముందే తెలుసు, కానీ అది ఇంత పెద్దదని ఇప్పుడే తెలిసింది.

"ఇంత మాట యాడ రాసినారే?"

"నేనే రాసినానత్తా, ఫోన్లో. పేరు మాత్రం నీ కొడుకుది ఉండాది."

ఓబమ్మ పిల్లను తల్లి పొదుగు దగ్గరికి తోసింది.

"ఈనింది ఒగరు, పేరు ఇంగొగరిదా? గొర్రెల్లో గూడా లేదు గదమ్మా ఈ అన్యాయం!"

మధ్యాహ్నం పాప నిద్రపోయాక రక్షిత జవాబు రాసింది. "ఈ వ్యాసాలన్నీ రాసింది నందీశ్ కాదు, రక్షిత అనే నేను. నియమం తప్పామని తెలుసు. ఖాతా మూసేస్తే మూసేయండి, నా పేరుతో తెరిచి మళ్లీ మొదలుపెడతాను. సమావేశానికి మాత్రం నేనే వస్తాను." ఒకసారి చదువుకుని పంపేసింది.

సాయంత్రం నందీశ్ ఆ జవాబు తన ఈమెయిలులో చూసుకుని, డ్యూటీ నుంచి ఫోను పట్టుకునే వచ్చాడు. ముఖం మాడిపోయి ఉంది. గడపలోనే నిలబడి అడిగాడు.

"అయితే ఇంగ నేను అనంతపురం పోయేది లేదా?"

"యాల లేదప్పా, రా. నేను మాట్లాడేటప్పుడు పాపను ఎత్తుకోను ఎవురో ఒగరు కావల్ల కదా."